తీసుకుపోయినవాళ్లే తెచ్చి అప్పజెప్పాలి

ప్రదర్శన మొదటి రోజు గురించి అందరూ రాస్తారు. రిబ్బను కత్తిరించడం, దీపం వెలిగించడం, మంత్రిగారి పక్కన నెమలీకల టోపీతో మన గుస్సాడి, వెనకాల డప్పు, తుడుం. మర్నాడు పేపర్లో ఫోటో. చివరి రోజు గురించి మాత్రం ఎవరూ రాయరు. చివరి రోజు రాత్రి పది గంటలకు అక్కడ మంత్రిగారు ఉండరు, ఫోటోగ్రాఫరు ఉండడు, మనల్ని వెంటబెట్టుకుని పోయిన అధికారి కూడా చాలాసార్లు ఉండడు. మిగిలేది మనవాళ్లు, వాళ్ల ముందు అమ్ముడుపోని సరుకు. ఆ రాత్రి గురించే మేము రాస్తున్నాం.

ఆ రాత్రి ఎలా ఉంటుందో వెళ్లివచ్చినవాళ్లకు తెలుసు. మొదటి రోజు సరుకు విప్పినప్పుడు పక్కన పెట్టిన అట్టపెట్టెలు, వరిగడ్డి, గోనెసంచులు చెత్త అనుకుని ఊడ్చేవాళ్లు ఎత్తుకుపోయి ఉంటారు. వాటి అవసరం చివరి రోజే వస్తుంది. ఊరు కాని ఊళ్లో, మనకు రాని భాషలో అట్టపెట్టెల కోసం తిరగాలి. తెల్లారేసరికి స్టాళ్లు ఖాళీ చేయాలని మైకులో చెబుతుంటారు. టెంటువాళ్లు గుడ్డలు విప్పుతుంటారు. లైట్లు ఒక్కొక్కటే ఆరిపోతుంటాయి. సరుకు గేటు దాటాలంటే పాసు కావాలి. పాసు మీద సంతకం పెట్టే మనిషి ఎక్కడున్నాడో ఎవరూ చెప్పరు. బయట లారీల వరుస. ఆటోవాడు చెప్పే రేటు పగటి రేటుకు మూడింతలు. మన రైలు పొద్దున్నే.

సరిగ్గా ఆ వేళకు ఒక పెద్దమనిషి వస్తాడు. కొత్తవాడేం కాదు. పది రోజుల్లో నాలుగైదుసార్లు వచ్చి, వస్తువులు చేత్తో పట్టి చూసి, ధర అడిగి, నవ్వి వెళ్లిపోయినవాడే. ఇప్పుడు ఒక్కో వస్తువు ధర అడగడు. బల్ల మీద ఉన్నదంతా చేత్తో చూపించి "మొత్తం కలిపి ఎంతకిస్తావ్?" అంటాడు. మనం చెప్పింది వినడు. తన లెక్క తాను చెబుతాడు. పొద్దున రెండు వేలు పలికిన ఇత్తడి ఏనుగు రాత్రికి ఐదారు వందలవుతుంది. మనవాడు ఒకసారి సరుకు వైపు, ఒకసారి గేటు వైపు చూస్తాడు. తల ఊపుతాడు.

మిత్రులారా, ఈ బేరం మనకు కొత్త కాదు. మన తాతలు సంతలో చేసిన బేరమే ఇది. తెల్లవారుజామున కొండ దిగి, చింతపండు, ఇప్పపువ్వు, కరక్కాయ నెత్తిన పెట్టుకుని సంతకు వచ్చేవాళ్లు. షావుకారు పొద్దున కొనేవాడు కాదు, పొద్దు వాలేదాకా ఆగేవాడు. మోసుకొచ్చిన బరువును మళ్లీ కొండ మీదికి ఎవరూ మోయలేరని అతనికి తెలుసు. ఆ ఒక్క సంగతి తెలియడమే అతని పెట్టుబడి. తూకంలో మోసం తర్వాత మాట, బాకీ పుస్తకంలో మోసం ఇంకా తర్వాత మాట. మొదటి మోసం పొద్దు వాలేదాకా ఆగడంలోనే ఉంది. 1956లో గిరిజన సహకార సంస్థను పెట్టింది ఈ షావుకారు చేతిలోంచి మనల్ని తప్పించడానికే. సంత పక్కనే సర్కారీ కాంటా ఉంటే, అడవి బిడ్డ పొద్దు వాలేదాకా బెదురుతూ కూర్చోనక్కర్లేదని.

ఇప్పుడు ఆ సంత ఢిల్లీకి, బెంగళూరుకు, హైదరాబాదుకు పోయింది. ట్రైఫెడ్ 1987లో పుట్టింది. 2017 నుంచి ఆది మహోత్సవాలు జరుగుతున్నాయి. ఏటా నవంబరు 14 నుంచి 27 దాకా ఢిల్లీ ప్రగతి మైదానంలో అంతర్జాతీయ వాణిజ్య మేళా నడుస్తుంది. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇవన్నీ మంచివే, మేము కాదనడం లేదు. మన ఓజాల పనితనం, సవరల గోడబొమ్మలు, అరకు కాఫీ నలుగురి కంటా పడాల్సిందే. మా ప్రశ్న ఒక్కటే. పోయే దారికి ఇంత ఏర్పాటు చేసినవాళ్లు, వచ్చే దారిని ఎందుకు వదిలేశారు?

ఆహ్వాన పత్రం తీసి చూడండి. స్టాలు నంబరు ఉంటుంది, బస ఎక్కడో ఉంటుంది, ఏ రోజు ఏ దుస్తుల్లో రావాలో కూడా ఉంటుంది. మిగిలిన సరుకు ఎవరి ఖర్చుతో, ఏ బండిలో, ఎన్ని రోజుల్లో ఇంటికి చేరుతుందో ఉండదు. ఆ ఖాళీ పొరపాటున మిగిలింది కాదు. మన సరుకు అంతా అమ్ముడుపోతుందని అనుకుంటున్నారో, అమ్ముడుపోకపోతే దానికి విలువ లేదని అనుకుంటున్నారో మాకు తెలియదు. రెండింటిలో ఏది అనుకున్నా నష్టం మనకే.

ఇక్కడ ఒక సంఘటన చెప్పాలి. ఊరి పేరు, ఆఫీసు పేరు చెప్పం. మా ఊళ్లో ఒక పర్ధాన్ తాత ఉన్నాడు. ఆయన దగ్గర కిక్రీ ఉండేది. వాళ్ల తండ్రి వాయించినది. పెర్సపేన్ పూజకు, పెద్దల కర్మకు ఆ కిక్రీ పలికితేనే కథ మొదలయ్యేది. కొన్నేళ్ల కింద ఒక పెద్ద ప్రదర్శనకు మనవాళ్లను తీసుకుపోతూ, స్టాలు 'ఆదివాసీ వాతావరణం'తో ఉండాలని ఆ కిక్రీ అడిగారు. అమ్మకానికి కాదు, గోడకు వేలాడదీయడానికి. తాత ఇవ్వనన్నాడు. చదువుకున్న మా పిల్లలే బతిమాలి ఇప్పించారు. ఆ పిల్లల్లో మాలో కొందరం ఉన్నాం. ఆ తప్పు మాది కూడా.

ప్రదర్శన అయ్యాక మనుషులు రైలెక్కారు. సామాను లారీలో వస్తుందన్నారు. లారీ రావడానికి నెల పైన పట్టింది. పెట్టెలు ఆఫీసు వరండాలో దించారు. వాటి మీద ఎవరి పేరూ లేదు, లోపల ఏముందో జాబితా లేదు. మా ఇత్తడి గంటలు ఇంకో జిల్లావాళ్ల వెదురుబుట్టల కింద దొరికాయి. కిక్రీ దొరకలేదు. అడిగితే "ఏ వస్తువు? రసీదు చూపించు" అన్నారు. రసీదు లేదు. "విలువ ఎంత?" అన్నారు. తాత ఏం చెబుతాడు? చాలాసేపు ఊరుకుని "నాకు తెలియదు" అన్నాడు. ఆ మాట విని అక్కడి గుమాస్తా నిశ్చింతగా ఫైలు మూశాడు. విలువ తెలియనిది కాబట్టి నష్టం కూడా లేదు, అంతే. ఆ ఏడు పూజకు పక్క ఊరి నుంచి కిక్రీ తెచ్చారు. తాత వాయించాడు గానీ మధ్యలో రెండుసార్లు ఆగాడు. తీగ సవరించుకుంటున్నాడని పిల్లలు అనుకున్నారు.

ఆ రోజు నుంచి మేము ఈ తిరుగు ప్రయాణం సంగతి తెలుసుకోవడం మొదలుపెట్టాం. తెలుసుకున్న కొద్దీ కోపం పెరిగింది. కోపం ఒక్కటే చాలదు కాబట్టి తెలిసినవి ఇక్కడ రాస్తున్నాం.

"రైల్లో వెంట తెచ్చుకోవచ్చు కదా, స్లీపర్ టిక్కెట్టు మీద 40 కిలోలు ఉచితం" అంటారు అధికారులు. ఆ 40 కిలోలు మనిషి సొంత సామానుకు. అమ్మకపు సరుకును సొంత సామాను కింద పెట్టెలో ఎక్కించడానికి రైల్వే ఒప్పుకోదు. దాన్ని పార్శిల్ ఆఫీసులో తూకం వేయించి, రసుం కట్టి, బ్రేక్‌వ్యానులో పంపాలి. చివరి రోజు రాత్రి స్టాలు ఖాళీ చేసి పొద్దున్నే రైలెక్కే మనిషికి పార్శిల్ ఆఫీసు చుట్టూ తిరిగే పూట ఎక్కడుంది? పంపినా, మన సిర్పూర్ కాగజ్‌నగర్‌లో, బెల్లంపల్లిలో రైలు ఎంతసేపు ఆగుతుంది? దించడం కుదరకపోతే పార్శిల్ ముందుకు పోయి, మళ్లీ వెనక్కి రావాలి. వచ్చిందని తెలిసి విడిపించుకునేలోపు ఆలస్యమైతే వార్ఫేజి అని ఇంకో రసుం పడుతుంది. ఆ స్టేషన్ నుంచి జైనూరు మండలం ఉషేగాం చేరాలంటే బస్సు, బస్సు దిగాక ఆటో. రైలు ఖర్చు ఒకెత్తు, రైలు దిగాక ఖర్చు ఇంకో ఎత్తు.

పోయిన సరుకుకు రైల్వే ఎంత ఇస్తుందో తెలుసా? పంపేటప్పుడు విలువ ప్రకటించి, దానికి తగిన అదనపు రుసుము కట్టకపోతే పార్శిల్‌కు రైల్వే బాధ్యత కిలోకు 50 రూపాయలు. తేనెమైనం దారాలు చుట్టి, మట్టి పూసి, కాల్చి, మైనం కరిగిన చోట ఇత్తడి పోసి, చివరికి మట్టి అచ్చు పగలగొట్టి తీసిన బొమ్మ అది. అచ్చు పగిలిపోతుంది కాబట్టి అలాంటిది ఇంకొకటి ఉండదు. అయినా లెక్కలో అది కిలో 50 రూపాయల ఇత్తడి ముక్క. ఫిర్యాదు నోటీసు కూడా ఆరు నెలల్లోగా ఇవ్వాలి. లారీ ట్రాన్స్‌పోర్టులో కూడా అంతే. ఎక్కువ విలువ రాయించకపోతే, కట్టిన కిరాయికి పది రెట్ల దగ్గర వాళ్ల బాధ్యత ఆగిపోతుంది.

అయితే మనం విలువ ఎందుకు రాయించం? పన్ను పడుతుందన్న భయంతో. "తక్కువ రాయి, లేకపోతే ఆపుతారు" అని మనకు నేర్పినవాళ్లు ఉన్నారు. ఆ భయానికి ఆధారం ఎంతో చూద్దాం. ఏడాదికి 20 లక్షల లోపు అమ్మకం ఉండి, తన రాష్ట్రం దాటి చేతిపని వస్తువులు అమ్మే కళాకారుడు జీఎస్టీ నమోదు చేసుకోనక్కర్లేదని కేంద్రం 2017లోనే మినహాయింపు ఇచ్చింది. పాన్ కార్డు ఉండాలి, ఈ-వే బిల్లు తీయాలి. ప్రదర్శనకు పోయి అమ్ముడుపోకుండా తిరిగి వచ్చే వస్తువు అమ్మకం కిందికే రాదు. అమ్మకం లేని చోట పన్ను లేదు. అంటే నిజమైన విలువ రాసినందుకు మనకు పోయేదేమీ లేదు. తక్కువ రాసినందుకు పోయేది మాత్రం చాలా ఉంది.

ఆ ఈ-వే బిల్లులోనే ఒక మెలిక ఉంది. మామూలు వ్యాపారి సరుకు 50,000 రూపాయలు దాటితేనే ఆ బిల్లు కావాలి. నమోదు మినహాయింపు పొందిన చేతిపని కళాకారుడు రాష్ట్రం దాటి సరుకు పంపితే, విలువ ఎంత తక్కువైనా బిల్లు తీయాల్సిందే. నలభై తొమ్మిది వేల సరుకుతో వ్యాపారి బిల్లు లేకుండా పోవచ్చు. ఐదు వేల బొమ్మలతో మన ఓజా అవ్వ పోకూడదు. రైల్లో పంపినా, బిల్లు చూపించకపోతే సరుకు అప్పగించకూడదని నియమం. నమోదు అక్కర్లేదని చెప్పి, ఆ నమోదుకు బదులు ఈ కాగితం అడిగారు. అడగడంలో తప్పుందో లేదో తర్వాత వాదిద్దాం. ఆ కాగితం ఫోన్లో ఎలా తీయాలో ఉషేగాంలో, కేస్లాగూడలో ఎవరు నేర్పారు? పోయేటప్పుడు ఆఫీసువాళ్లే తీస్తారు. వచ్చేటప్పటిది ఇంకో ప్రయాణం, ఇంకో బిల్లు. దాన్ని తీసేవాళ్లు ఉండరు. చట్టం తిరుగు ప్రయాణాన్ని గుర్తుపెట్టుకుంది. మనల్ని తీసుకుపోయినవాళ్లు మర్చిపోయారు.

మా మాటలకు వచ్చే జవాబులు మాకు తెలుసు.

"అన్నీ ప్రభుత్వమే చేయాలా? వ్యాపారం నేర్చుకోవాలి" అంటారు. నేర్చుకుంటాం. కానీ పెద్ద కంపెనీలు ప్రదర్శనకు పోతే చివరి రోజు ఆ కంపెనీ యజమాని రాత్రి పదింటికి అట్టపెట్టెల కోసం తిరుగుతాడా? వాళ్లకు ఖాళీ పెట్టెలు దాచే ఏర్పాటు, ప్యాకింగ్ చేసే మనుషులు, తిరుగు లారీ, బీమా, అన్నీ ప్రదర్శన మొదలవకముందే కుదురుతాయి. ప్రదర్శన వ్యాపారంలో రానూపోనూ కలిపే ఒక లెక్క. మన దగ్గరికి వచ్చేసరికే అది సగం లెక్క అవుతుంది. మిగతా సగం అడిగితే మనం పరాన్నజీవులం అవుతాం!

"అమ్ముడయ్యేంతే తీసుకుపోవాలి, మిగుల్చుకోవడం మీ తప్పు" అంటారు. ఎంత అమ్ముడవుతుందో ముందే తెలిసినవాడు ఈ భూమి మీద లేడు. పైగా స్టాలు నిండుగా కనిపించాలని ఎక్కువ సరుకు తెమ్మన్నది ఎవరు? నిండుదనం వాళ్ల ఫోటోకు, మిగులు మన నెత్తికి.

"ఇప్పుడంతా ఆన్‌లైన్, ప్రదర్శనలెందుకు?" అని మన యువకులే అంటారు. ఆన్‌లైన్‌లో కూడా కొన్నవాళ్లు వద్దని తిప్పి పంపుతారు. ఆ తిరుగు పార్శిల్ ఖర్చు ఎవరి మీద పడుతుందో ముందే చదువుకోకపోతే, ఆ రాత్రి పది గంటలు ప్రతి రోజూ మన ఇంటికే వస్తాయి. అంగడి మారినంత మాత్రాన పొద్దు వాలే బేరం మారదు.

మనలో మన తప్పులూ చెప్పుకోవాలి. స్టాలు సాయానికని వెళ్లే మన చదువుకున్న పిల్లలు చివరి రోజు ఎర్రకోట చూడడానికి పోతారు. చూడాల్సిందే, కానీ ఆ రోజు కాదు. మన సంఘాల నాయకులు మొదటి రోజు వేదిక మీద ఉంటారు, చివరి రోజు ఫోన్ ఎత్తరు. పెద్దవాళ్ల వస్తువు అడిగి తీసుకునేటప్పుడు మనం ఉద్యమ భాష మాట్లాడతాం. పోయినప్పుడు ఆఫీసు భాష మాట్లాడతాం. కిక్రీ పోయిన రోజు మేమూ తాతతో "రసీదు ఉందా?" అనే అన్నాం. ఆ మాట ఇప్పటికీ మాకు గుచ్చుకుంటుంది.

కాబట్టి మేము అడిగేవి ఇవి.

ఒకటి. ఆహ్వాన పత్రంలో తిరుగు రవాణా రాయాలి. ఎవరి ఖర్చు, ఏ బండి, ఏ రోజుకు ఏ ఊరికి. ఆఫీసు వరండా దాకా కాదు, మనిషి గడప దాకా. అది రాయని ఆహ్వానానికి మనవాళ్లు ఒప్పుకోవద్దు.

రెండు. బయల్దేరే ముందే జాబితా. వస్తువు, కొలత, బరువు, నిజమైన విలువ, ఫోటో. మూడు ప్రతులు. ఒకటి మనిషి దగ్గర, ఒకటి ఆఫీసులో, ఒకటి పెట్టెలో. తిరిగి వచ్చాక అదే జాబితాతో సరిచూసి సంతకాలు చేయాలి.

మూడు. పెట్టెలు మనవే ఉండాలి. అట్టవి కాదు, చెక్కవో రేకువో, తాళం వేసేవి, పేరు ఊరు రంగుతో రాసినవి. ప్రదర్శన నడిచినన్ని రోజులు అవి దాచడానికి చోటు చూపించాలి.

నాలుగు. ప్రదర్శన ముగిశాక మనుషులకు ఇంకో రోజు బస, భోజనం. రైలు టిక్కెట్టు ఆ మర్నాటికి తీయాలి. ఆ ఒక్క రోజే పొద్దు వాలే బేరాన్ని చంపుతుంది. వద్దు అని చెప్పే ధైర్యం మనిషికి ఉపన్యాసంతో రాదు, చేతిలో తిరుగు టిక్కెట్టు, గేటు బయట తిరుగు బండి ఉంటే వస్తుంది.

ఐదు. ఉట్నూరు, భద్రాచలం, ఏటూరునాగారం, పాడేరు, సీతంపేట, పార్వతీపురం, రంపచోడవరం ఐటీడీఏలు ఒకే ప్రదర్శనకు పోయే మనవాళ్లకు కలిపి బండి మాట్లాడొచ్చు. ఒక్కొక్కరికి భారమయ్యే కిరాయి పదిమందికి భారం కాదు. బీమా, ఈ-వే బిల్లు ఆ బండితో పాటే కుదరాలి.

ఆరు. అమ్మకానికి కానివి, పూజవి, పెద్దలవి, వాయించేవి, రాతపూర్వకమైన హామీ లేకుండా ఊరు దాటకూడదు. అడిగేది కలెక్టరుగారైనా సరే. అలంకారం కావాలంటే కొత్తది చేయించుకోమనండి, డబ్బిచ్చి.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. ఆశ్రమ పాఠశాలలో లేఖారచన అంటే 'సెలవు మంజూరు చేయవలసిందిగా' అని రాయిస్తాం. ఒక్కసారి సరుకు జాబితా రాయించండి. రైల్వే పార్శిల్‌కు ఫిర్యాదు నోటీసు రాయించండి. లెక్కల తరగతిలో కిలోకు 50 రూపాయలను, అవ్వ మూడు వారాల పనిని పక్కపక్కన పెట్టి తేడా కట్టించండి. ఆ లెక్క పిల్లలు మర్చిపోరు. ఎనిమిదో తరగతి పిల్ల తన తాత వస్తువులకు విలువ రాయగలిగితే, "నాకు తెలియదు" అన్న మాట ఆ ఇంట్లో మళ్లీ వినిపించదు.

యువతకు ఒక మాట. మీ చేతుల్లో ఫోన్లున్నాయి. మొదటి రోజు ఫోటోలు చాలామంది తీస్తారు. మీరు చివరి రోజు ఫోటోలు తీయండి. ప్రతి పెట్టె మూత వేసే ముందు ఒకటి, లారీ నంబరుతో ఒకటి, గేటు పాసుది ఒకటి. ఊళ్లో పెట్టె విప్పేటప్పుడు ఇంకొకటి. అవే రేపు మన రసీదులు.

అమ్ముడుపోని వస్తువు పనికిరాని వస్తువు కాదు. అది ఇంకా మనది, అంతే. దాన్ని ఇంటికి తెచ్చుకోవడం దయతో దొరికే సాయం కాదు. పెళ్లికి తెచ్చిన వంటపాత్రలు కూడా కడిగి, లెక్కపెట్టి, ఎవరివి వాళ్లకు ఇచ్చి వస్తాం. ఒక బిందె తగ్గితే రాత్రంతా వెతుకుతాం. మన ఊళ్లో అది మర్యాద. ఆ మర్యాద ఢిల్లీలో కూడా ఉండాలని అడుగుతున్నాం.

పర్ధాన్ తాత ఇంట్లో కిక్రీ వేలాడిన కొయ్య ఇంకా ఖాళీగానే ఉంది. ఇంకో వస్తువు తగిలించమంటే ఒప్పుకోడు. ఈసారి ప్రదర్శన కాగితం పట్టుకుని ఎవరైనా మన ఊరికి వస్తే, ముందు ఆ ఇంటికి తీసుకుపోండి. ఆ కొయ్య చూపించండి. తర్వాత కాగితం మీద సంతకం సంగతి మాట్లాడదాం.